కాగితం మీద మాట పిల్లదే ఉండాలి

చిన్నీ,

మీ అమ్మాయితో డేటింగ్ చేసి వేధిస్తున్న ఆ అబ్బాయి మీద రిస్ట్రెయినింగ్ ఆర్డర్, అంటే దాని జోలికి రాకుండా కోర్టు ఇచ్చే ఉత్తర్వు, అడగబోతున్నావని మీ అమ్మ చెప్పింది. నలుగురిలో పరువు పోతుందని నోరు నొక్కుకునే తల్లిదండ్రులే ఎక్కువ. నువ్వు అలా ఊరుకోనందుకు చాలా గర్వంగా ఉంది. కానీ పిల్ల ఫోన్ లాక్కున్నావట, కాగితాలు దానికి తెలియకుండా నింపుతున్నావట. ఆ మాట విన్నప్పటి నుంచీ మనసు మనసులో లేదు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. కాలిఫోర్నియాలో డేటింగ్ చేస్తున్నా, చేసి విడిపోయినా గృహహింస చట్టం కిందే అడగవచ్చు. ఆర్డర్ అడిగే ముఖ్యమైన ఫారం డీవీ-100. దానితో డీవీ-109 (విచారణ నోటీసు), డీవీ-110 (తాత్కాలిక ఆర్డర్), క్లెట్స్-001 (పోలీసులకు వెళ్లే గోప్య వివరాలు). ఫీజు లేదు. లాయరు లేకపోయినా ఫరవాలేదు, కోర్టులో సెల్ఫ్ హెల్ప్ సెంటర్ వాళ్లు చూపిస్తారు. పిల్ల వివరాలు గోప్యంగా ఉంచమని డీవీ-160 ఫారం పెట్టు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ముందే చెప్పు. వీసా గురించి కంగారు వద్దు, ఆర్డర్ అడగడానికి పౌరసత్వం అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. పన్నెండేళ్లు నిండిన పిల్లలు ఈ ఆర్డర్ తామే అడగవచ్చు. మన పిల్లకి పదహారు. దాని తరఫున నువ్వు అడిగినా, రక్షణ కావలసిన మనిషి అదే. తల్లిదండ్రులు ఏళ్ల తరబడి చేస్తూ వస్తున్న పొరపాటు ఒకటుంది. తమ కోపమంతా ఫారంలో పోస్తారు. "వాడు మంచివాడు కాదు, మా పిల్లను చెడగొట్టాడు, మార్కులు పడిపోయాయి" అని పేజీలు రాస్తారు. జడ్జికి అందులో ఒక్క ముక్కా పనికిరాదు. వాడు నీకు నచ్చకపోవడం హింస కిందికి రాదు చిన్నీ. ఏ రోజు, ఎక్కడ, ఏం చేశాడు, ఏమన్నాడు, ఎవరు చూశారు, ఆ తర్వాత ఏమైంది అన్నవే కావాలి. "ఎప్పుడూ బెదిరిస్తాడు" అని రాస్తే ఎవరికీ ఏమీ కనిపించదు. "ఫలానా తేదీన స్కూల్ పార్కింగ్‌లో కారు డోర్ లాక్ చేసి, ఫోన్ పాస్‌వర్డ్ చెప్పేదాకా దిగనివ్వలేదు. చెయ్యి లాగితే ఎడమ మణికట్టు కమిలింది. మర్నాడు స్కూల్ నర్సు చూసింది" అని రాస్తే జడ్జి కళ్లకు కట్టినట్టుంటుంది. ఈమధ్య జరిగినది ముందు రాయాలి, పాతవి తర్వాత. దెబ్బలే ఉండాలని లేదు. వెంటపడడం, ఫొటోలు బయటపెడతానని బెదిరించడం, స్నేహితులతో మాట్లాడనివ్వకపోవడం కూడా లెక్కలోకి వస్తాయి. మనిషిని గుప్పిట్లో పెట్టుకుని ఆడించడాన్ని 2021 నుంచి అక్కడి చట్టమే వేధింపుగా చెబుతోంది.

ఈ వివరాలన్నీ ఎవరికి తెలుసు? పిల్లకే. నువ్వు చూడనివాటిని నువ్వు చెబితే అది విన్న మాటే అవుతుంది. ఫోన్ పోయిందన్న ఉక్రోషంతో అది కోర్టులో "ఏమీ జరగలేదు, అమ్మకి అతనంటే పడదు" అన్నదనుకో, జడ్జి కాదనవచ్చు. విచారణ దాకా ఉండేలా ముందు ఇచ్చిన తాత్కాలిక ఆర్డర్ కూడా పోతుంది. వాడు కోర్టే తన పక్షమని ధైర్యంగా తిరుగుతాడు. అది ఇంకెప్పుడూ నీకు ఏదీ చెప్పదు. నా భయమంతా ఈ చివరిదాని గురించే.

ఇంకొకటి, ఆర్డర్ కట్టడి చేసేది అబ్బాయిని. పిల్ల తానుగా మెసేజ్ పెడితే దానిమీద కేసేమీ ఉండదు. కానీ వాడు అదే తెచ్చి జడ్జికి చూపిస్తాడు. కాబట్టి ముందు దాన్ని దగ్గర కూర్చోబెట్టుకో. ఫోన్ తిరిగి ఇచ్చేయ్. వాడి మీద దానికి ఇంకా ఇష్టం ఉండవచ్చు, ఎగతాళి చెయ్యకు, నీ కడుపుకోతని దాని తప్పుగా చూపకు. నీతో చెప్పలేకపోతే 1-800-799-7233కి దానితోనే ఫోన్ చేయించు, గృహహింస బాధితుల కోసం ఉన్న ఆ హాట్‌లైన్ ఏ వేళలోనైనా పలుకుతుంది.

సాక్ష్యాలు దాని చేతే తీయించు. మెసేజీలు ముక్కలుగా కాకుండా మొత్తం సంభాషణ, తేదీ, నంబరు కనబడేలా ఉండాలి. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి తెలిసిపోతుంది, ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. అన్నీ దాచాకే బ్లాక్ చెయ్యాలి. దాని పేరుతో నువ్వు వాడికి మెసేజ్ పెట్టకు. ఫోన్ కాల్స్ దొంగచాటుగా రికార్డు చెయ్యకు, కాలిఫోర్నియాలో అది నేరం కావచ్చు, లాయరును అడిగాకే. కాగితాలు వేసేముందు వాడి అమ్మానాన్నలతో పెద్దమనుషుల్లా మాట్లాడదామని మాత్రం బయల్దేరకు. విడిపోయే రోజులే ఎక్కువ ప్రమాదం. ముందుగా తెలిస్తే వాడేం చేస్తాడో ఎవరు చెప్పగలరు?

తాత్కాలిక ఆర్డర్ సంగతి మామూలుగా అదే రోజో, మర్నాటి కోర్టు రోజో తేలిపోతుంది. విచారణ సాధారణంగా 21 రోజుల్లోపు. జడ్జి సంతకంతో పని అయిపోయిందనుకుంటారు చాలామంది. ఆ కాగితాలు వాడి చేతికి అందాలి. నువ్వు ఇవ్వకూడదు, పిల్ల ఇవ్వకూడదు. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) చేత ఇప్పించు, డబ్బు తీసుకోరు. వాడికీ పద్దెనిమిది నిండకపోతే వాడి తల్లిదండ్రులకు కూడా అందించాల్సి ఉంటుంది, కౌంటర్‌లో అడుగు. సమయానికి అందకపోతే డీవీ-115 ఫారంతో వాయిదా అడుగు, కేసు వదిలేసుకోకు.

ఇద్దరిదీ ఒకే స్కూల్ కదా, ఆ సంగతి ఫారంలో తప్పకుండా రాయి. లేకపోతే "ఇన్ని గజాల దూరం" అన్నది క్లాసుల్లో, లంచ్‌లో ఎలా పాటించాలో ఎవరికీ అర్థం కాదు. ఆర్డర్ కాపీ ప్రిన్సిపల్‌కి ఇచ్చి, ఏ పీరియడ్‌లో ఎవరు మారాలో రాతపూర్వకంగా అడుగు. మారాల్సింది మన పిల్ల కాదని గట్టిగా చెప్పు. విచారణ తర్వాత వచ్చే ఆర్డర్ ఐదేళ్ల దాకా ఉండవచ్చు. ఒక కాపీ ఎప్పుడూ దాని బ్యాగులో ఉండాలి. వాడు ఆర్డర్ మీరితే పోలీసుల అత్యవసర నంబరు 911కే చెప్పు, ఇంట్లో మగవాళ్లని వాడి మీదికి పంపకు. ఇవాళ రాత్రే ఇంటి ముందుకొచ్చినా అదే నంబరు. అర్ధరాత్రైనా పోలీసులు జడ్జిని అడిగి, కొద్ది రోజులు పనిచేసే అత్యవసర ఆర్డర్ తీసుకోగలరు.

డిక్లరేషన్ (జరిగినదంతా రాసి కోర్టుకిచ్చే వాంగ్మూలం) చిత్తు కాపీ దాని మాటల్లోనే రాయించి నాకు పంపు. తేదీలు లేనిచోట్ల గుర్తు పెట్టి పంపిస్తాను. దానికి నా ముద్దులు.

పెద్దమ్మ