నా థైరాయిడ్ మాత్ర మా ఆయన కూడా వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 43 ఏళ్లు. థైరాయిడ్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్ 18, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 178 వచ్చాయి. థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములది రాసి, కొలెస్ట్రాల్‌కి ఇప్పుడే మందు వద్దు, రెండు నెలలాగి చూద్దాం అన్నారు. థైరాయిడ్ హార్మోన్ యాంటీ ఆక్సిడెంట్ అని, రక్తనాళాల్లో కొవ్వు పేరుకోనివ్వదని మా ఆయన ఏదో వీడియోలో చూశారు. ఆయనకి థైరాయిడ్ లేదు గానీ కొలెస్ట్రాల్ ఉంది, నా మాత్ర తనూ వేసుకుంటానంటున్నారు. వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా, ముందు ఆ సీసా ఆయనకి అందకుండా పెట్టండి. వీడియోలో చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం, అదే వచ్చిన చిక్కు. ఎల్‌డీఎల్ అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే చిన్న రేణువు, అందులోని కొవ్వు రక్తనాళం గోడలో చేరి ఆక్సీకరణ చెందితే, అంటే నిలవ నూనె ముక్కిపోయినట్టు అయితే, తెల్లకణాలు దాన్ని మింగి అక్కడే ఉబ్బి కూర్చుంటాయి, పూడిక అలా మొదలవుతుంది. థైరాయిడ్ హార్మోన్లైన టీ4, టీ3లలో విటమిన్ ఈలో ఉన్నలాంటి ఫినాల్ భాగం ఒకటుంది, అది కొవ్వుని ఇలా చెడగొట్టే ఫ్రీ రాడికల్స్‌ని ఆపగలదు. ల్యాబులో ఎల్‌డీఎల్‌కి రాగి కలిపి చెడగొట్టేటప్పుడు ఈ హార్మోన్లు వేస్తే ఆ చెడటం నెమ్మదించింది, నిజమే. రక్తంలో టీ4 కొంచెం ఈ ఎల్‌డీఎల్ రేణువుల మీద కూడా ప్రయాణిస్తుంది, కానీ ఎక్కువ భాగం వేరే ప్రొటీన్లకి అంటుకుని ఉంటుంది, పైగా ట్యూబులో వేసే మోతాదులు మన ఒంట్లో ఉండేవి కావు. హార్మోన్ మరీ ఎక్కువైతే ఒంట్లో ఫ్రీ రాడికల్సే పెరుగుతాయి, అప్పుడు కథ తిరగబడుతుంది.

మీ ఎల్‌డీఎల్ పెరగడానికి అసలు కారణం ఇదంతా కాదు. థైరాయిడ్ తగ్గితే లివర్ మీద ఎల్‌డీఎల్‌ని లాక్కునే రిసెప్టర్లు తగ్గిపోతాయి, రక్తంలో అది అలాగే తిరుగుతూ ఉంటుంది. మాత్రతో అవి మళ్లీ పెరుగుతాయి కాబట్టి మీ డాక్టరు ఆగమనడం కరెక్టే, థైరాయిడ్ తక్కువున్నప్పుడు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెడితే కండరాల నొప్పులొచ్చే రిస్కు కూడా ఎక్కువ.

ఇక మీవారి ఐడియా కొత్తదేం కాదు. అమెరికాలో గుండెపోటు వచ్చిన మగవాళ్లకి కొలెస్ట్రాల్ తగ్గించడానికని డెక్స్‌ట్రోథైరాక్సిన్ అనే థైరాయిడ్ రకం మందు ఇచ్చి చూశారు, ఆ గ్రూపులో చావులు ఎక్కువవుతుంటే 1970ల మొదట్లో మధ్యలోనే ఆపేశారు. థైరాయిడ్ బాగున్నవాళ్లు మాత్ర వేసుకుంటే గుండె దడ, లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం, ఇవి మిగులుతాయి. ఆయన కొలెస్ట్రాల్‌కి ఆయన డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

మీరు మాత్రం పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట, వీలైతే గంట దాకా కాఫీ కూడా తాగకండి, కాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల తేడా ఉండాలి. 6–8 వారాలకి టీఎస్‌హెచ్‌తో పాటు లిపిడ్ ప్రొఫైల్ కూడా చేయించండి, టీఎస్‌హెచ్ నార్మల్‌కి వచ్చాక కూడా ఎల్‌డీఎల్ దిగకపోతే అప్పుడు స్టాటిన్ సంగతి మాట్లాడుకోవచ్చు.