లింకన్ లాయరు రోజుల మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. కాలేజీ పత్రికకు లింకన్ మీద వ్యాసం రాస్తున్నావని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. అధ్యక్షుడి గురించి కాదు, అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో లాయరుగా, శాసనసభ్యుడిగా గడిపిన రోజుల గురించి అనేసరికి నాకూ హుషారొచ్చింది. జీవితమంతా కోర్టుల్లోనే గడిపినవాణ్ణి కదా, నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

ఆయన పుట్టిన కర్రల గుడిసెతో మొదలుపెట్టకు. అది అందరికీ తెలిసిందే. కేసులతో మొదలుపెట్టు. ఏ లా కాలేజీకీ వెళ్లకుండా సొంతంగా చదువుకుని 1836లో లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆయనా, ఆయన భాగస్వాములూ చూసిన కేసులు 5 వేలకు పైనే. వాటిలో ఎక్కువ భాగం మనం రోజూ చూసే బాకీ వసూళ్లే. ఏటా వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి జడ్జి డేవిడ్ డేవిస్, లాయర్లు కలిసి ఊరూరా తిరిగి కోర్టు నడిపేవారు. ఒక దశలో ఆ సర్క్యూట్లో, అంటే అలా తిరిగే కోర్టు పరిధిలో, 14 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఉండేవి. ఇరుకు సత్రాల్లో ఇద్దరిద్దరు ఒకే మంచం మీద పడుకునేవారు. క్లయింటు చాలాసార్లు కోర్టు దగ్గరే దొరికేవాడు, కేసు చదువుకోవడానికి ఒక్క పూట కూడా ఉండేది కాదు. ఈ టెన్షన్ నీ వ్యాసంలో కనపడాలి.

పంచాంగం చూపించి సాక్షిని ఇరుకున పెట్టిన 1858 నాటి హత్య కేసు దగ్గరికి అందరూ పరుగెత్తుతారు. నువ్వు రెండు వాక్యాల్లో ముగించు.

ఎక్కువ చోటు ఇవ్వాల్సింది మరో రెండు కేసులకు. 1841లో నాన్స్ అనే నల్లజాతి అమ్మాయిని అమ్మినందుకు రాసిన ప్రామిసరీ నోటు మీద దావా నడిచింది. రాష్ట్ర సుప్రీంకోర్టులో లింకన్ ఆ నోటు చెల్లదని వాదించి గెలిచాడు. 1847లో అదే లింకన్, కెంటకీ భూస్వామి మాట్సన్ తరఫున నిలబడ్డాడు. జేన్ బ్రయంట్‌ను, ఆమె పిల్లలను మళ్లీ బానిసత్వంలోకి పంపాలన్నది ఆ కేసు. ఓడిపోయాడు, వాళ్లు స్వేచ్ఛగా బయటపడ్డారు. ఈ రెండో కేసును దాచకు. 'లాయరుకు ఏ క్లయింటయినా ఒకటే' అని సర్దిచెప్పకు కూడా. నాకు ఆ సమాధానం ఎప్పుడూ సరిపోలేదు.

ఎందుకంటే పదేళ్ల ముందే, 1837లో, శాసనసభలో బానిసత్వం అన్యాయమనీ, చెడ్డ విధానమనీ నిరసన పత్రం మీద సంతకం చేసింది ఇద్దరే. డాన్ స్టోన్, లింకన్. ఆ పత్రాన్నీ మాట్సన్ కేసునీ పక్కపక్కన పెట్టి రాయి.

సభలో ఆయన పని అంతా గొప్పదేమీ కాదు. రాజధానిని వండేలియా నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తెప్పించిన వాళ్లలో ముఖ్యుడు. రైల్వేలూ కాలువలూ అంటూ రాష్ట్రాన్ని అప్పుల్లో ముంచిన 1837 చట్టానికీ మద్దతిచ్చాడు. 1840లో కోరం (సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు) లేకుండా చేద్దామని కిటికీలోంచి దూకాడు. ఇది మాత్రం తప్పక రాయి, నవ్వుతారు.

ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే మీద 5 వేల డాలర్ల ఫీజు కోసం దావా వేసి గెలిచిన సంగతి ఫీజుల పేరాలో పెట్టు. ఆ కంపెనీ ఆయన క్లయింటే.

డ్రాఫ్టు పూర్తవగానే పంపు, తేదీలు నేను సరిచూస్తాను.

మీ బాబాయి