షటిల్ టోర్నమెంట్ పెద్దదవుతుంటే ముందు దేన్ని కాపాడుకోవాలి?

విజయవాడ పటమటలో 16 జంటలతో సరదాగా మొదలుపెట్టిన మీ షటిల్ డబుల్స్ పోటీకి మూడోసారికల్లా 48 జంటలు వచ్చాయని, నాలుగు కోర్టులున్నా పోయిన ఆదివారం ఫైనల్ అయ్యేసరికి రాత్రి పదిన్నర దాటిందని, చూడటానికి పది మంది కూడా మిగల్లేదని రాశారు. దీన్ని ఏడాది పొడవునా సిరీస్‌గా ఎలా నడపాలని అడిగారు. గుంటూరులో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునే మాలాంటి వాళ్ల కోసం ఇలాంటి సిరీస్‌ను ఏడేళ్లుగా నడుపుతున్నాను. మొదటి రెండేళ్లలో మాకూ అచ్చం ఇలాగే జరిగింది.

నా సలహా ఒక్కటే అనుకోండి, మిగిలినవన్నీ దాని వెనకాల వచ్చేవే. ఎంట్రీలు 32 జంటల దగ్గర ఆపేయండి. వచ్చిన ప్రతి జంటా కనీసం మూడు ఆటలు ఆడి ఇంటికి వెళ్లాలి.

మా రెండో ఏడాది ఒకాయన నరసరావుపేట నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చాడు. పదేళ్ల కొడుకును కూడా వెంట తెచ్చుకున్నాడు. అప్పట్లో మాది నేరుగా నాకౌట్, ఒక్కసారి ఓడితే ఇంటికే. ఆయన ఆట మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చింది, పావుగంటలో ఓడిపోయాడు. కిట్ భుజాన వేసుకుని, పిల్లవాడి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్తుంటే నేను టేబుల్ దగ్గర కూర్చుని చూస్తున్నాను. ఏమీ అనలేదు, మళ్లీ రాలేదు. 32 జంటల నాకౌట్‌లో 16 జంటలు ఒక్క ఆటతోనే ఇంటికి పోతాయి. సగం మందిని అలా పంపించేస్తూ మన సిరీస్ పెరుగుతోందని అనుకుంటే అది నిజమైన పెరుగుదల కాదండి.

ఇప్పుడు లెక్క చూడండి. కొత్తవాళ్లుండే బిగినర్స్‌లో 16 జంటలు, కాస్త ఆట వచ్చినవాళ్లుండే ఇంటర్మీడియట్‌లో 16 జంటలు తీసుకోండి. నాలుగేసి జంటలకు ఒక గ్రూపు చొప్పున మొత్తం ఎనిమిది గ్రూపులు. ఒక్కో గ్రూపులో ఆరు ఆటలు ఉంటాయి. గ్రూపులో అందరూ అందరితో ఆడే ఈ లీగ్ దశలో 30 పాయింట్ల ఒకే గేమ్ పెడితే జంటలు మారే సమయంతో కలిపి ఒక్కోటి 20 నిమిషాలు పడుతుంది. అంటే ఒక గ్రూపు మొత్తం ఒక కోర్టులో రెండు గంటల్లో అయిపోతుంది. ఎనిమిది నుంచి పది దాకా నాలుగు కోర్టుల్లో నాలుగు బిగినర్స్ గ్రూపులు, పది నుంచి పన్నెండు దాకా ఇంటర్మీడియట్. గ్రూపు విన్నర్లతో పన్నెండుంపావుకు రెండు కేటగిరీల సెమీస్ నాలుగూ ఒకేసారి, 21 పాయింట్ల బెస్ట్ ఆఫ్ త్రీ. తర్వాత ఫైనల్స్ ఒకదాని తర్వాత ఒకటి. రెండున్నరకు బహుమతులు. అనుకున్నదానికి గంట ఆలస్యమైనా జనం ఇంకా హాల్లోనే ఉంటారు.

దీనిలో ఇంకో సుఖం ఉంది. గ్రూపును ఒకే కోర్టుకు కట్టేస్తే రెండు జంటలు ఆడుతుంటే మిగిలిన రెండు జంటలు అక్కడే ఖాళీగా ఉంటాయి. స్కోరు వాళ్లే రాస్తారు. అంపైర్ల కోసం మైకులో పిలిచే పని ఉండదు. ఇంటర్మీడియట్ వాళ్లను తొమ్మిదిన్నరకు రమ్మంటే చాలు. తెనాలి, చిలకలూరిపేట నుంచి వచ్చేవాళ్లకు ఆ రెండు గంటల నిద్ర ఎంత విలువైనదో వాళ్లే చెబుతారు.

గెలుపులు సమానమై టై అయితే ఏంటన్నది మాత్రం ముందు రోజే వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టండి. ఒకసారి మా లీగ్‌లో ఒక గ్రూపులో ఒక జంట అందరి చేతిలో ఓడింది, మిగిలిన మూడు జంటలూ ఒకరినొకరు ఓడించుకుని రెండేసి గెలుపులతో సమానంగా నిలిచాయి. మేం ఏ రూలూ ముందు చెప్పలేదు. నలభై నిమిషాలు గొడవ. ఇప్పుడు మా పద్ధతి ఇది: ఇద్దరు సమానమైతే వాళ్ల మధ్య ఆటలో గెలిచినవాళ్లు ముందు, ముగ్గురైతే పాయింట్ల తేడా. అందుకే లీగ్‌లో ప్రతి పాయింటూ రాయించాలి, గెలుపోటములు మాత్రమే రాస్తే కుదరదు.

ఇక అన్నిటికంటే కష్టమైనది, నేను ఎక్కువ బాధపడింది కేటగిరీల దగ్గర. 2017లో మా గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ ఒకే ఏడాదిలో నాలుగు అంతర్జాతీయ సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచినప్పటి నుంచి ఇక్కడ నలభై ఏళ్లు దాటినవాళ్లు కూడా కొత్తగా రాకెట్ పట్టడం నా కళ్లతో చూశాను. అలాంటివాళ్ల కోసమే బిగినర్స్ పెట్టాం. ఓ టోర్నమెంట్‌లో యూనివర్సిటీ స్థాయిలో ఆడిన ఒకాయన, ఆట మానేసి పదేళ్లైందన్న మాట మీద బిగినర్స్‌లో దిగాడు. పైనుంచి బలంగా కిందికి కొట్టే ఆయన స్మాష్ ముందు కొత్తవాళ్లు కాక్ (షటిల్) ముట్టుకోలేకపోయారు. కప్పు ఆయనే పట్టుకుపోయాడు, తర్వాతి టోర్నమెంట్‌కు మా బిగినర్స్ ఆరు జంటలే మిగిలాయి.

అప్పటినుంచి ప్రతి ఆటగాడికీ ఒకటి నుంచి ఐదు దాకా ఒక లెవెల్ నంబర్ ఇస్తున్నాం. బిగినర్స్‌లో ఇద్దరి నంబర్లూ కలిపి ఐదు దాటకూడదు, ఇంటర్మీడియట్‌లో ఏడు. ఎప్పుడైనా యూనివర్సిటీకో రాష్ట్రానికో ఆడినవాళ్లకు ఎన్నేళ్లు మానేసినా నాలుగుకు తగ్గదు. నంబర్లు వేసేది ముగ్గురు, ముగ్గురూ వేరువేరు కోర్టుల్లో ఆడేవాళ్లు. నేను ఆ ముగ్గురిలో లేను. టోర్నమెంట్ నడిపేవాడే లెవెల్ కూడా వేస్తే స్నేహితులకు తగ్గించాడన్న మాట పడుతుంది, ఆ మాట ఒక్కసారి పడితే పోదు. గెలిచిన జంటలో ఇద్దరికీ ఒక నంబర్ పెరుగుతుంది. మొదట్లో ఇద్దరు ముగ్గురు అలిగారు. ఇప్పుడు మా వాళ్లు నాకు మూడు వచ్చిందని స్వీట్లు పంచుతున్నారు.

సిరీస్ పాయింట్లు జంటకు ఇవ్వకండి, మనిషికి ఇవ్వండి. ఉద్యోగాలు చేసేవాళ్ల పార్ట్‌నర్లు నెలనెలా మారుతుంటారు. మా దగ్గర విన్నర్‌కు 100, రన్నర్‌కు 80, సెమీస్‌కు 60, గ్రూపులో రెండో స్థానానికి 40, మూడు లీగ్ ఆటలూ పూర్తిగా ఆడిన ప్రతి ఒక్కరికీ 20. ఈ చివరి ఇరవై వల్లే రెండు ఓడిపోయాక మూడో ఆట వదిలేసి వెళ్లిపోవడం ఆగిపోయింది. ఏడాదికి ఆరు టోర్నమెంట్లు, అందులో బాగా వచ్చిన నాలుగే లెక్క. పెళ్లిళ్లకో ఊరికో పోయి రెండు తప్పిపోయినా రేసులో ఉంటారు.

తేదీలు వేసేటప్పుడు ఫోన్‌లో క్యాలెండర్‌తో పాటు గోడ మీద పంచాంగం కూడా చూడండి. శ్రావణంలో ముహూర్తాలున్న ఆదివారం పెడితే సగం మంది భోజనాల పంక్తిలో ఉంటారు. కార్తీకంలో ఆదివారాలన్నీ వనభోజనాలకే. మాకు ఫిబ్రవరి నుంచి మిర్చి యార్డులో సరుకు దిగే రోజులు, కమీషన్ వ్యాపారం చేసేవాళ్లెవరూ తల ఎత్తలేరు. అందుకని మా సిరీస్ జూన్ చివర మొదలై జనవరి మొదటి వారంలో అయిపోతుంది.

ఎండాకాలం మానేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక మే నెలలో, యాభై దాటిన ఒకాయన మూడో ఆట మధ్యలో కళ్లు తిరిగి కోర్టులోనే కూర్చుండిపోయారు. కాక్ కదులుతుందని తలుపులు వేసి, ఫ్యాన్లు ఆపి ఆడిస్తాం కదా, లోపల ఆవిరి పట్టినట్టుంటుంది. ఆసుపత్రికి తీసుకెళ్లాం, సెలైన్ పెట్టారు, సాయంత్రానికి కోలుకున్నారు. ఆ కారులో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్న పావుగంట నేను మర్చిపోలేను. ఆ రోజు టోర్నమెంట్ అక్కడే ఆపేశాం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా ఎవరు అడిగినా పెట్టం. మిగతా నెలల్లో కూడా ఓఆర్ఎస్, ఉప్పేసిన మజ్జిగ, ఐసు, క్రేప్ బ్యాండేజీ టేబుల్ మీద ఉండాలి. మాలో ఇద్దరం, గుండె ఆగితే ఛాతీ నొక్కి చేసే సీపీఆర్ నేర్చుకున్నాం. మీరూ నేర్చుకోండి, ఇది వాయిదా వేయకండి.

కాక్‌ల విషయం తొందరగా చెబుతాను. గాలి వేడెక్కితే పలచబడుతుంది, కాక్ ఎక్కువ దూరం పోతుంది. అందుకే ఉక్క రోజుల్లో కాస్త తక్కువ దూరం పోయే 76 స్పీడ్, డిసెంబరులో ఇంకాస్త ఎక్కువ పోయే 77 వాడతాం. ముందు రోజు సాయంత్రం అదే హాల్లో పరీక్షించండి: వెనక గీత దగ్గర నుంచి కింది చేత్తో పూర్తి బలంతో కొడితే అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. లీగ్ ఆటకు రెండు, సెమీస్ ఫైనల్స్‌కు నాలుగేసి అనుకుంటే పై లెక్కకు 120 కాక్‌లు, అంటే పన్నెండేసి ఉండే పది ట్యూబులు. ఇంకో రెండు దగ్గర ఉంచుకోండి. ఖర్చు తగ్గుతుందని బిగినర్స్‌కు ప్లాస్టిక్ కాక్ ఇద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. వాళ్లు కట్టింది కూడా అదే ఎంట్రీ ఫీజు.

డబ్బు ఎప్పుడూ ఇద్దరి పేరు మీద ఉన్న ఖాతాలో ఉండాలి. అదే రోజు రాత్రి ఖర్చుల కాగితం ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేయాలి. స్పాన్సర్ మాటిచ్చిన డబ్బు చేతికొచ్చేదాకా బడ్జెట్‌లో రాయకండి. మాకు ఒకసారి ఫ్లెక్సీ మీద పేరు వేశాక 20 వేలు రాలేదు, నలుగురం జేబుల్లోంచి వేసుకున్నాం. క్యాష్ ప్రైజ్ పెంచమని అడుగుతారు, మేం పెంచలేదు. ప్రైజ్ పెరిగితే లెవెల్ దాచుకునేవాళ్లు పెరుగుతారు. ఆ డబ్బుతో హాల్ ఇంకో గంట తీసుకుంటే అందరికీ పనికొస్తుంది.

మీ దగ్గర 48 జంటలున్నాయి కాబట్టి మొదటిసారి 16 జంటలకు కాదని చెప్పాల్సి వస్తుంది. మెసేజ్ పెట్టి ఊరుకోకండి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పండి. తర్వాతి టోర్నమెంట్‌లో మొదటి 16 చోట్లు వాళ్లవేనని ఆ ఫోన్‌లోనే మాటివ్వండి, వాళ్ల పేర్లు అప్పుడే పట్టికలో రాసేయండి.