పూసలన్నీ ఉన్నాయి, దారమే లేదు: 'స్మైల్' ఆల్బమ్ కథ

"ఎప్పుడో ఆగిపోయిన రాక్ ఆల్బమ్‌ను దశాబ్దాల తర్వాత పూర్తి చేస్తే, ఎదురుచూసినంత బాగుంటుందా?" అని అడిగారు. నాకు బాగా తెలిసింది ఒక్కటే, అమెరికన్ రాక్ బృందం బీచ్ బాయ్స్ వాళ్ల 'స్మైల్'. దాన్ని నేను మొదట తప్పు వరసలో విన్నాను.

2003లో అమీర్‌పేటలో ఏదో కోర్సు చేస్తూ హాస్టల్లో ఉండేవాణ్ని. నెట్ సెంటర్‌లో ఈ ఆల్బమ్ ముక్కలు దొరికాయి. ఒకటి నిమిషంన్నర, ఇంకోటి నలభై సెకన్లు. ఒకే పేరుతో మూడు ఫైళ్లు, తీరా వింటే మూడూ వేరు. నేనూ మా రూమ్మేటూ తలా ఒక మాట అనుకుని, ఒక వరస కుదిర్చి సీడీ రైట్ చేయించాం. ఆ వరస మీద వారం తిరక్కుండానే గొడవపడ్డాం. ప్రపంచమంతా అభిమానులు ఇదే పనిలో ఉన్నారని తర్వాత తెలిసింది.

ఆల్బమ్ ఆగిపోవడానికి నా లెక్కలో అసలు కారణం కూడా ఆ వరసే. 1966లో ఆ బృందానికి పాటలు కట్టే బ్రయాన్ విల్సన్ 'గుడ్ వైబ్రేషన్స్' పాటను లాస్ ఏంజెలెస్‌లో స్టూడియోలు మారుస్తూ, నెలల తరబడి ముక్కలుగా రికార్డ్ చేసి అతికించాడు. అది అమెరికాలో నంబర్ వన్ అయింది. దాంతో అదే పద్ధతిని ఆల్బమ్ మొత్తానికీ పెట్టాడు. కానీ అది టేపుల కాలం. ఏ ముక్క తర్వాత ఏది బాగుంటుందో చూడాలంటే బ్లేడుతో కోసి అతికించాలి. నచ్చకపోతే మళ్లీ కోయాలి.

అందరూ చెప్పుకునే కథలు వేరు. ఇంట్లో ఇసుక పోయించి అందులో పియానో పెట్టుకున్నాడు. మంటల గురించి ఒక సంగీతం రికార్డ్ చేస్తూ వాయించేవాళ్లందరికీ బొమ్మ ఫైర్ టోపీలు పెట్టించాడు. ఆ తర్వాత దగ్గర్లో ఏదో తగలబడితే, తన సంగీతం వల్లేనని భయపడ్డాడు. వాన్ డైక్ పార్క్స్ రాసిన మాటలకు అర్థమేంటని బృందంలోని మైక్ లవ్ నిలదీశాడు. ఇవన్నీ నిజమే, కానీ నాకు వీటన్నిటికంటే రికార్డు అట్ట సంగతే ముఖ్యమనిపిస్తుంది. వాళ్ల రికార్డులు తెచ్చే క్యాపిటల్ కంపెనీ 4 లక్షలకు పైగా అట్టలు ముందే అచ్చేసింది. వెనక పాటల పేర్లు వేసి, సరైన వరస కోసం రికార్డు మీద లేబుల్ చూడమని రాసింది. ఆ లేబుల్ రానేలేదు! 1967 మేలో ఆల్బమ్ అటకెక్కింది.

2003లో, మేము హాస్టల్లో కుస్తీపడుతున్న రోజుల్లోనే, విల్సన్ తర్వాత పెట్టుకున్న సొంత బృందంలోని డేరియన్ సహనాజా పాత ముక్కలన్నీ లాప్‌టాప్‌లో వేసుకుని ఆయన దగ్గర కూర్చున్నాడు. పాత కాగితం మీద ఒక మాట చదవలేకపోతే, విల్సన్ నేరుగా పార్క్స్‌కే ఫోన్ చేశాడు. అలా ఆయనా మళ్లీ కలిశాడు. 2004 ఫిబ్రవరి 20న లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో మొదటిసారి మొత్తం వాయించారు. సెప్టెంబర్‌లో, అంతా కొత్తగా రికార్డ్ చేసిన ఆల్బమ్ వచ్చింది.

మొదటిసారి విన్నప్పుడు నిజానికి నాకు నిరాశే. అరవై దాటిన గొంతు. బీచ్ బాయ్స్‌లో తనతో పాడిన తమ్ముళ్లు డెనిస్, కార్ల్ అప్పటికే లేరు. పాత టేపుల్లోని ఆ గొంతుల కలయిక ఎక్కడినుంచి వస్తుంది? కానీ మూడోసారికి వరస పట్టేసింది. మేము చివర్లో పెట్టుకున్న 'సర్ఫ్స్ అప్' పాట ఇక్కడ ఆల్బమ్‌లోని మూడు భాగాల్లో రెండోదానికి ముగింపు. అక్కడికి వచ్చేసరికి, ముందు విన్న చిన్న ముక్కలన్నీ దానికోసమే అనిపిస్తాయి.

2011లో పాత టేపులనే దాదాపు ఈ వరసలో పేర్చి 'ది స్మైల్ సెషన్స్' విడుదల చేశారు. ముందు అది వినండి, తర్వాత 2004ది. షఫుల్‌లో మాత్రం పెట్టకండి. మా రూమ్మేట్ ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. 'సర్ఫ్స్ అప్' చివర్లోనే ఉండాలని ఫోన్ చేసినప్పుడల్లా ఇంకా వాదిస్తూనే ఉంటాడు.