విశాఖలో ప్రభుత్వం గ్యాస్ విద్యుత్ కేంద్రం కడితే పని ఎక్కడ ఆగుతుంది?

విశాఖ చుట్టుపక్కల ప్రభుత్వమే గ్యాస్ కంబైన్డ్ సైకిల్ కేంద్రం (గ్యాస్ టర్బైన్ పొగ వేడితో ఆవిరి టర్బైన్‌ని కూడా నడిపేది) కడితే కరెంటు ఎన్నాళ్లకి వస్తుంది, పని ఎక్కడ ఇరుక్కుంటుంది అని అడిగారు. సైటు చేతికిచ్చిన రోజు నుంచి 30–36 నెలలు వేసుకోండి. టర్బైన్ వల్ల ఆలస్యం కావడం తక్కువ. పైపుల లోపల ఏముందో ఎవరూ పట్టించుకోకపోవడం వల్లే చివరి ఆరు నెలలు కరిగిపోతాయి.

అన్నిటికన్నా ముందు గ్యాస్. ఫుల్ లోడ్‌లో 1 మెగావాట్‌కి రోజుకి సుమారు 4,500 ఘనపు మీటర్లు కావాలి. 350 మెగావాట్ల యూనిట్ అంటే రోజుకి దాదాపు 16 లక్షల ఘనపు మీటర్లు. గ్యాస్ ఒప్పందం మీద సంతకం పడకుండా టర్బైన్‌కి ఆర్డరు పెట్టడమంటే ఎసరు పెట్టేసి బియ్యానికి బజారుకెళ్లడమే. 2009లో కృష్ణా-గోదావరి తీరపు సముద్రంలోని కేజీ-డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ మొదలైందని ఆశపడి కట్టిన ప్లాంట్లు, ఉత్పత్తి పడిపోయాక గోదావరి జిల్లాల్లో ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడ్డాయి. సామర్లకోటలో 2,400 మెగావాట్లకి తెచ్చిన మెషిన్లు గ్యాస్ లేకే నడవలేదు.

మెగావాట్ల లెక్క కూడా జాగ్రత్తగా చూడాలి. కంపెనీ బ్రోచర్లో ఉండే అంకె 15 డిగ్రీల గాలికి ఇచ్చింది. గాలి వేడెక్కే ప్రతి డిగ్రీకీ గ్యాస్ టర్బైన్ అర శాతం పైనే పోగొట్టుకుంటుంది. మన మే నెల 35 డిగ్రీల్లో పదో పన్నెండో శాతం మాయం. టెండరు పోల్చేటప్పుడు విశాఖ ఉష్ణోగ్రత, విశాఖ తేమ రాసి అడగాలి.

తేమతో వచ్చే ఇంకో ఇబ్బంది ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు రేణువు కరిగి ద్రవమవుతుంది. మామూలు ఫిల్టర్ కాగితంలోంచి తడిగా జారి ఫిల్టర్ అవతలికి వచ్చేస్తుంది. మన దగ్గర రాత్రిపూట తేమ ఆ గీత దాటని రోజులు తక్కువ. అలా లోపలికి చేరిన ఉప్పు కంప్రెసర్ బ్లేడ్ల మీద గుంటలు పెడుతుంది. వేడి భాగాల్లో గంధకంతో కలిసి సోడియం సల్ఫేట్‌గా పేరుకుని బ్లేడు పూతని తినేస్తుంది. అందుకని నీటిని పీల్చని చివరి దశ ఫిల్టర్ తప్పనిసరి. ఖర్చు తగ్గించాలంటే మొదట కొట్టేసేది ఈ వరసనే. పోర్టు దుమ్ము, సముద్రపు ఉప్పు రెండూ ఉన్న ఊళ్లో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు.

పునాదుల సంగతి క్లుప్తంగా: ఇక్కడి ఖొండలైట్ రాయి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒక బోరులో మూడు మీటర్లకే గట్టి రాయి తగిలితే, పక్క బోరులో పదికీ మెత్తటి మట్టే. టర్బైన్ పునాదికీ, బాయిలర్ పునాదికీ, చిమ్నీకీ విడివిడిగా బోర్లు వేయాలి.

ఇక పైపులు. గ్యాస్ టర్బైన్ నుంచి సుమారు 600 డిగ్రీల్లో వచ్చే పొగతో వేస్ట్ హీట్ బాయిలర్లో ఆవిరి తయారవుతుంది. ఆ ఆవిరి స్టీమ్ టర్బైన్‌ని తిప్పి మొత్తం కరెంటులో మూడో వంతు ఇస్తుంది. ఆవిరి వచ్చే పైపుల్లో మిల్ స్కేలు (ఉక్కు మీది ఆక్సైడ్ పొర), వెల్డింగ్ స్లాగు, గ్రైండింగ్ రజను, ఒక్కోసారి ఎలక్ట్రోడ్ ముక్కలు కూడా ఉంటాయి. వీటిని బయటికి ఊదడమే స్టీమ్ బ్లోయింగ్. టర్బైన్ స్టాప్ వాల్వ్ దగ్గర లైను విడదీసి, తాత్కాలిక పైపు వేసి, చివర సైలెన్సర్ పెడతారు. బాయిలర్ డ్రమ్ములో ప్రెజర్ 40 బార్‌కి ఎక్కించి వాల్వ్ ఒక్కసారిగా తెరుస్తారు, 20 దగ్గర మూసేస్తారు. 40 బార్ దగ్గర నీటి ఉష్ణోగ్రత 250 డిగ్రీలు, 20 దగ్గర 212. అంతకన్నా కిందికి దించితే డ్రమ్ము గోడకి దెబ్బ.

ఒక బ్లోకీ ఇంకో బ్లోకీ మధ్య పైపు చల్లారాలి. చల్లారితేనే లోహం ముడుచుకుని స్కేలు వదులుతుంది. తొందరపడి వెంటవెంటనే ఊదితే రోజుకి బ్లోలు ఎక్కువ కనిపిస్తాయి గానీ పైపు శుభ్రపడదు. ఊదే ఆవిరి తోపు, ఫుల్ లోడ్‌లో నడిచే ఆవిరి తోపుకన్నా ఎక్కువ ఉండి తీరాలి. లేకపోతే ఇప్పుడు రాని ముక్క తర్వాత టర్బైన్లోకి వస్తుంది. తాత్కాలిక పైపు సపోర్టులు కూడా ఆ తోపుకి లెక్కగట్టినవే ఉండాలి. చుట్టుపక్కల ఊళ్లలో ముందురోజే మైకులో చెప్పించాలి. ఆ శబ్దానికి పశువులు తాళ్లు తెంచుకుంటాయి.

శుభ్రపడిందో లేదో చెప్పేది టార్గెట్ ప్లేటు. ఆవిరికి అడ్డంగా పెట్టిన నునుపైన లోహపు పట్టీ అది. మొదటి రోజు తీసి చూస్తే మశూచి మచ్చల్లా గుంటలే గుంటలు. రోజురోజుకీ తగ్గుతూ, చివరికి వేలితో తడిమితే ఏమీ తగలని స్థితికి రావాలి. వరసగా రెండు ప్లేట్లు అలా వస్తేనే సంతకం. హెచ్‌పీ (ఎక్కువ ప్రెజర్), రీహీట్ (ఆవిరిని మళ్లీ వేడెక్కించేది), ఎల్‌పీ (తక్కువ ప్రెజర్) లైన్లన్నిటికీ కలిపి రెండు మూడు వారాలు పడుతుంది. కొబ్బరికాయ కొట్టే తేదీ ముందే ప్రకటించేసి, ఈ మూడు వారాల్ని వారానికి కుదించమనడం ప్రభుత్వ ప్రాజెక్టుల్లో పట్టుకున్న జబ్బు.

గ్యాస్ లైను శుభ్రం చేయడంలో తొందరపడితే మనుషులే పోతారు. 2010 ఫిబ్రవరి 7న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, మిడిల్‌టౌన్‌లో 620 మెగావాట్ల కంబైన్డ్ సైకిల్ కేంద్రం కడుతూ, గ్యాస్ పైపులోని చెత్తని ఆ గ్యాస్‌తోనే ఊదారు. పైపు మూతి నేలకి 20 అడుగుల లోపే ఉంది, చుట్టూ కట్టడాలు. గాలి ఆడని ఆ మూలలో గ్యాస్ చేరింది, నిప్పు దొరికింది, ఆరుగురు చనిపోయారు. అందుకే గ్యాస్ పైపుని గ్యాస్‌తో ఊదకూడదు. కంప్రెస్డ్ గాలి గానీ నైట్రోజన్ గానీ వాడాలి, పైపు లోపల తోసుకెళ్తూ శుభ్రం చేసే పిగ్ నడపాలి. నైట్రోజన్ ట్యాంకర్ల ఖర్చు టెండర్లో విడిగా రాయకపోతే కాంట్రాక్టరు దగ్గరున్న గ్యాస్‌నే వాడాలని చూస్తాడు.

మన ఊరికి ఇంకో జాగ్రత్త. హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ప్రెజర్ పెట్టి చూడటం) చేశాక నీళ్లు బాయిలర్ ట్యూబుల్లోనే వదిలేస్తే ఈ గాలికి వారాల్లో తుప్పు గుంటలు పడతాయి. నీళ్లు పూర్తిగా బయటికి వదిలేసి, వేడిగాలితో ఆరబెట్టి, నైట్రోజన్ నింపి మూతలు బిగించాలి. ఆ నైట్రోజన్ ప్రెజర్ గేజీ రీడింగు రోజూ రిజిస్టర్లో రాయించాలి. యార్డులో పడి ఉన్న మాడ్యూళ్లకి మూతలు ఊడిపోయాయా అని వారానికోసారి చూసి రావాలి. స్టాప్ వాల్వ్‌లో మొదట పెట్టే సన్న జాలీని, లోడు బాగా నడిచి, తీసి చూసినప్పుడు శుభ్రంగా ఉంటేనే తొలగించాలి. దాన్ని లోపలే మర్చిపోతే కొన్నాళ్లకి అదే తెగి టర్బైన్లో పడుతుంది.