డబ్బాల లెక్క చూసి మీ పనిని తూచుకోకండి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. నాలుగేళ్లుగా ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌ని. నెలకు ఇన్ని ప్రొటీన్ పౌడర్ డబ్బాలు రాయాలని టార్గెట్ పెట్టారు. అవసరం లేనివాళ్లకీ రాస్తున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మావారు ‘ఏ ఉద్యోగంలో లేదు ఇది, సర్దుకుపో’ అంటారు. మానేద్దామంటే ఇంటి లోను ఉంది. ఏం చేయను?

జవాబు: మీ నిద్ర చెడింది చేతకాక కాదమ్మా, తెలిసి రాయాల్సి రావడం వల్ల.

డయాలసిస్ మీద ఉన్న మనిషికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. ఆకలి లేక అంత తినలేకపోతే పౌడర్ ఇవ్వడం వైద్యమే. కిడ్నీ జబ్బు ముదిరినా డయాలసిస్ దాకా రాని మనిషికేమో ప్రొటీన్ తగ్గించమని మీరే చెబుతారు. ఒకరికి మేలు చేసేదే ఇంకొకరికి భారం. అలాంటి పనిని నెలాఖరున డబ్బాలు లెక్కపెట్టి తేల్చడం తప్పు. మీ మనసు చెబుతున్నది సరైనదే.

రేపటి నుంచి ప్రతి కేస్ షీట్‌లో రోగి బరువు, ఈమధ్య ఎంత తగ్గారు, పెట్టినదాంట్లో ఎంత తింటున్నారు, కిడ్నీ పరీక్షలు ఎలా ఉన్నాయి రాయండి. పౌడర్ ఎందుకు కావాలో, ఎందుకు వద్దో ఒక్క వాక్యం చేర్చండి. మేనేజర్ కన్నా ముందు చికిత్స చేసే డాక్టర్‌తో మాట్లాడండి. డాక్టర్ ఒప్పుకున్న కారణాన్ని కొట్టిపారేయడం అంత తేలిక కాదు. తర్వాత తోటి డైటీషియన్లతో కలిసి మేనేజర్ దగ్గరకు వెళ్లి, డబ్బాలకు బదులు చేరిన రోగుల్లో ఎంతమందికి పోషకాహార స్థితి పరీక్షించారో, ట్యూబ్ ద్వారా ఆహారం తీసుకునేవాళ్లకు కావాల్సిన కేలరీలు అందుతున్నాయో లేదో చూడమని అడగండి. హాని జరుగుతుందని తెలిసినచోట మాత్రం రాయకండి. అక్కడ సర్దుబాటు లేదు.

మీవారికి ఇది అమ్మకాల టెన్షన్‌లా వినిపిస్తోందేమో. పేరు చెప్పకుండా ఒక రోగి సంగతి చెప్పండి, పది నిమిషాలు సలహా ఇవ్వకుండా వినమనండి. ఆయన భయం లోను గురించే అయుంటుంది. జీతం ఆగితే ఎన్ని నెలల వాయిదాలు కట్టగలరో ఇద్దరూ కూర్చుని లెక్కేసుకోండి. ఉద్యోగంలో ఉంటూనే ఇంకోటి వెతకండి. కొన్ని వారాల్లో నిద్ర కుదుటపడకపోతే డాక్టర్‌ని కలవండి.

ఇప్పటికే రాసినవాళ్లలో కిడ్నీ జబ్బున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో రేపు పొద్దున్నే చూడండి. ఉంటే వాళ్ల డాక్టర్‌కి చెప్పి, ఫాలోఅప్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి.