సూపర్‌మార్కెట్ మాంసం ఎక్కడిదో లేబుల్ చూసి తెలుస్తుందా?

కొంతవరకే తెలుస్తుంది. పశువు ఒకచోట పుట్టి, మరోచోట పెరిగి, ఇంకోచోట కోతకు వెళ్లొచ్చు. ప్యాకెట్ మీద మాత్రం ప్యాకింగ్ చేసిన చోటు ఒక్కటే ఉండొచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2002 నుంచి తాజా గొడ్డుమాంసం మీద ఈ మూడు వివరాలూ రాయడం తప్పనిసరి. సాసేజ్‌ల లాంటి ప్రాసెస్ చేసిన మాంసానికి ఆ నియమం లేదు, నా దృష్టిలో అది పెద్ద లోటే.

దగ్గర్లో పెంచినదైతే ఏ మేత వేశారు, ఏ మందులు వాడారు, ఎక్కడ కోశారు అని పెంచినవాళ్లనే అడగొచ్చు. నేను అటే మొగ్గుతాను. అయితే దగ్గరిదైనంత మాత్రాన వాతావరణానికి మేలు అనుకోకండి. గొడ్డుమాంసం వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా చాలా తక్కువ. పశువుల త్రేన్పుల్లోని మీథేన్, మేత సాగు, అడవుల నరికివేతలదే ఎక్కువ.